నాలుగు వేళ్ల మడత

మార్చి 4

పిన్నికి,

నేను క్షేమమే. మా ఇంట్లో క్షేమంగా లేనిది ఒక్క జీన్సు ప్యాంటు. దాని గురించే ఈ ఉత్తరం. ఫోన్ చేద్దామంటే నీ లాండ్రీలో మిషన్ల మోత, పైగా నీ ఎడమ చెవి సంగతి తెలిసిందే. ఇక్కడేమో వంటింట్లో చెంచా జారిపడితే అన్ని గదులకీ వినబడే ఇల్లు. అందుకని కాగితం పట్టుకున్నాను.

పెళ్లిరోజుకి మీ అల్లుడికి ముదురు నీలం ప్యాంటు కొన్నానని చెప్పాను కదా, అదే. మందుల షాపులో ఆరు ఆదివారాలు అదనంగా నిలబడి కొన్నాను. ఆయన లిఫ్టుల మెకానిక్కు కాబట్టి శనివారం దాకా కంపెనీ యూనిఫామే. ఆదివారం ఒక్కరోజే ఈ ప్యాంటు తొడుగుతారు. మిగతా ఆరు రోజులూ అది తలుపు వెనక కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. కొని ఏడు నెలలైంది. నేను ఉతికింది మూడే మూడు సార్లు. అయినా మోకాళ్ల దగ్గర తెల్లబడిపోయింది. కూర్చునే చోట బూడిదరంగు తిరిగింది. పక్కింటాయన పదేళ్లుగా వేస్తున్న ప్యాంటు దీనికంటే నయం.

నా చేతిలో ఏం తప్పుంది పిన్నీ? ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని షాపులో అమ్మాయి అంటోంది. మా అత్తగారిని అడిగాను. "ఈ కాలం బట్టలు అంతేనమ్మా" అని, పొయ్యి మీద పాలు ఉన్నాయంటూ వెళ్లిపోయారు. పొయ్యి మీద పాలు లేవు.

అమ్మకి ఇవేమీ చెప్పకు. ప్యాంటు గురించి ఉత్తరం రాశానంటే ఏడాది పాటు నవ్వుతుంది.

నీ పిచ్చుక


మార్చి 9

ఓసి పిచ్చుకా,

ముందు ఉప్పు సంగతి తేలుద్దాం. దుకాణం పెట్టిన కొత్తలో నేనూ వేసి చూశాను. ఉప్పూ కరిగింది, రంగూ కరిగింది. జీన్సు నీలం నూలు లోపలికి దిగే రకం కాదు, పైపైన పట్టుకుని కూర్చునే రకం. ఒక దారం తెంపి చూడు, నడిమధ్య తెల్లగానే ఉంటుంది. ఆ పైపొరని ఎంత తక్కువ కదిలిస్తే అంత కాలం ఉంటుంది. గుండీ, జిప్పూ పెట్టి తిరగెయ్యి. చన్నీళ్లు, చెంచాడు సబ్బునీళ్లు చాలు. బ్రష్షు తాకించకు, మెలిపెట్టి పిండకు, ఎండలో వెయ్యకు. మరక పడితే అక్కడొక్క చోటే తడిగుడ్డతో అద్దు. వాసన వస్తే గాలికి వెయ్యి. అంతకుమించి విద్య లేదు. ఉందని ఎవరైనా చెబితే నీకేదో సీసా అంటగట్టబోతున్నారని అర్థం.

ఇదంతా నువ్వు చేస్తూనే ఉండి ఉంటావు. మరి రంగెలా పోయింది? ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ కౌంటరు వెనక నిలబడ్డాను. మూడు ఉతుకులకి ఏ జీన్సూ తెల్లబడదు. కనీసం పాతిక సార్లు నీళ్లు చూసి ఉండాలి, అందులోనూ వేణ్నీళ్లు. నీ ప్యాంటుని నువ్వు కాక ఇంకెవరో ఉతుకుతున్నారు. నువ్వు ఇంట్లో లేనప్పుడు ఉతుకుతున్నారు. ఎవరు? ఎందుకు? లేని పాల మీదికి మీ అత్తగారు ఎందుకు పరుగెత్తింది? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ!

గుండీ ఊడిందని చెప్పి ప్యాంటు నాకు పంపు. ఉతకొద్దు, దులపొద్దు, ఉన్నది ఉన్నట్టు పంపు. మీ బాబాయిని నేను వదిలి వచ్చింది ఎవరి మాటా విని కాదు, గుడ్డని చూసి. మనుషులు మాట మారుస్తారు, మరక మార్చదు.

పిన్ని


మార్చి 14

పిన్నీ,

పార్సిల్ పంపుతున్నాను. గుండీ నిజంగానే కోసేశాను, అబద్ధం ఆడలేక.

నీ ఉత్తరం చదివాక ఇల్లంతా కొత్తగా కనబడుతోంది. మీ అల్లుడు "గుండీ నేను కుట్టుకోలేనా" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. మా అత్తగారు మాత్రం "ఎన్నాళ్లు పడుతుంది? వారమా? రెండు వారాలా?" అని మూడుసార్లు అడిగారు. కొడుకు ప్యాంటు మీద ఆవిడకి అంత బెంగ ఏమిటి?

ఇంకో సంగతి. ఆవిడ మూడు నెలలుగా రోజూ పొద్దున లైబ్రరీకని వెళ్తున్నారు. తెచ్చుకున్న పుస్తకం మాత్రం ఒక్కటే. అందులో పెట్టిన కాగితం పదకొండో పేజీ దాటలేదు. నేను షాపు నుంచి వచ్చేసరికి గట్టు మీద రెండు టీ కప్పులు కడిగి బోర్లించి ఉంటాయి. ఆవిడ టీ ఒక్కసారే తాగుతారు. రెండో కప్పు ఎవరిది? మా ఆయనకి మధ్యాహ్నం గంట తీరిక ఉంటుంది. ఆయన పనిచేసే చోటు నుంచి ఇంటికి పది నిమిషాలు.

ఇదంతా రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. రాయకుండా ఉండలేకపోతున్నాను.

పిచ్చుక

ఇకనుంచి ఉత్తరాలు మందుల షాపు చిరునామాకి రాయి.


మార్చి 20

పిచ్చుకా,

కూర్చుని చదువు.

నీ ప్యాంటుని కిటికీ దగ్గర బల్ల మీద పరిచి ఒక పూటంతా చూశాను. ఇస్త్రీ మనిషి కూడా కుతూహలం కొద్దీ వచ్చి నిలబడితే బయటికి తోలేశాను.

అడుగు అంచుకి నాలుగు వేళ్ల పైన ఒక మడత గీత ఉంది. రెండు కాళ్లకీ ఉంది. గీత పొడుగునా రంగు పోయి తెల్లదారం తేలింది. అంటే చాలా రోజులు అక్కడ మడిచి తొడిగారు. మీ ఆయన కాలరు సవరించడానికి నువ్వు ముక్కాలిపీట ఎక్కుతావు. ఆయనకి ప్యాంటు మడవాల్సిన అవసరం ఏమొచ్చింది? నడుము దగ్గర బెల్టు లాగి బిగించిన కుచ్చుల గుర్తులు ఉన్నాయి. ఆ బిగింపులో మీ ఆయన నడుము మూడొంతులు కూడా పట్టదు. తొడల లోపలివైపు, కూర్చునే చోట రాపిడి. రోజూ బండి వెనక ఎక్కి తిరిగేవాళ్లకి ఇలాగే అరుగుతుంది. కుడికాలి లోపలి అంచున గ్రీజు మరక, దాన్ని తోమి తోమి అక్కడ గుడ్డ పలచబడింది. ఎవరి చేతులకి గ్రీజు ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

పొట్టి మనిషి, సన్నటి నడుము. నీ మొగుడి ప్యాంటు తొడుక్కుని తిరుగుతోంది.

ఇంకా ఉంది. తడిగుడ్డతో మోకాలి దగ్గర అద్దితే ఊదారంగు దిగింది. అది జీన్సు నీలం కాదు, పెన్నులో పోసే సిరా. రంగు పోయిన సంగతి నీకు తెలియకూడదని ఎవరో సిరా పూశారు! ఉతికే చెయ్యీ పూసే చెయ్యీ ఒకటే. మీ అత్తగారి గోళ్లు చూడు. సిరాతో పనిచేసిన చేతులు నిజం దాచలేవు.

ఒక్కటి గుర్తుపెట్టుకో. ఎవరినీ ఏమీ అడక్కు. అడిగితే సర్దుకుంటారు, కథ అల్లుకుంటారు. చూస్తూ ఉండు.

పిన్ని


మార్చి 27

పిన్నీ,

చూశాను. గోళ్ల అంచుల్లో ఇంకా నీలం.

"అత్తయ్యా, చేతికేమైంది?" అని మామూలుగా అడిగాను. "పెన్ను కారిందమ్మా" అన్నారు. మా ఇంట్లో సిరా పెన్ను ఎవరికీ లేదు. పెరటి చెత్తగుంటలో వెతికితే ఖాళీ సిరాబుడ్డి దొరికింది, కాగితంలో చుట్టి, పైన ఉల్లితొక్కలు కప్పి. కొడుకు తప్పుని తల్లి కప్పిపుచ్చుతోందని ఇంతకంటే రుజువేం కావాలి?

ప్యాంటు నీ దగ్గరికి వచ్చిన రోజు నుంచి ఆవిడ లైబ్రరీ మానేశారు. కిటికీ దగ్గర కూర్చుని వీధిలోకి చూస్తున్నారు. నిన్న మళ్లీ అడిగారు, "ప్యాంటు ఎప్పుడొస్తుందమ్మా?" అని. ఒళ్లంతా నొప్పుల మందు వాసన. ఆ మందు మా షాపులో కొనరు, రెండు వీధులు దాటి వెళ్లి కొంటారు. నాకు ఏదీ తెలియకూడదన్నమాట.

పులి మీద పుట్రలా ఇంకోటి. మీ అల్లుడి దగ్గర కొత్తగా ఒక లిఫ్టు మెకానిక్కు చేరింది. ఆడమనిషి. మాటల మధ్యలో తనే చెప్పారు, "పొట్టిగా ఉంటుంది, ఎంత ఇరుకు సందులోకైనా దూరిపోతుంది, భలే పనిమంతురాలు" అని. నవ్వుతూ చెప్పారు పిన్నీ. నా ఎదురుగా కూర్చుని నవ్వుతూ చెప్పారు.

షాపులో నీ ఉత్తరం ఇస్తూ మా వీధి పోస్టుమనిషి కూడా అదోలా నవ్వింది. "మీ ఇంట్లో జీన్సు ప్యాంటు మరమ్మతుకి వెళ్లిందటగా?" అంది. ఆవిడకెలా తెలుసు? వీధి వీధంతా తెలిసి నాకొక్కదానికే తెలియదా? ముద్ద దిగడం లేదు. నిన్న షాపులో ఒకాయనకి దగ్గు మందు బదులు చెవిలో చుక్కలు ఇవ్వబోయాను.

పిచ్చుక


ఏప్రిల్ 1

నా తల్లీ,

వచ్చెయ్యి. దుకాణం పైగది ఖాళీ చేయించాను. కిటికీ ఆవిరికి మసకబారి ఉంటుంది గానీ మంచం మంచిది. ఈ ఊళ్లోనూ మందుల షాపులు ఉన్నాయి.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతాను. అప్పటికి నాకూ మీ బాబాయికీ పెళ్లయి రెండేళ్లు. ఆయన గడియారాలు బాగుచేసేవారు, ఇళ్లకి వెళ్లి గోడ గడియారాలు కూడా చూసేవారు. ఒక సాయంత్రం విప్పిన తెల్ల చొక్కా మీద కుడి భుజం నుంచి వీపు మీదుగా ఎడమ నడుము దాకా ఒక నీలం చార. నడుము దగ్గర అరచెయ్యంత మచ్చ. చెయ్యి చుట్టి పట్టుకుంటే ఎలా పడుతుందో అలా పడింది. నీలం జాకెట్టు చెయ్యి అయి ఉంటుందని అనుకున్నాను. ఆ వీధిలో అలాంటి జాకెట్టు వేసుకునే మనిషి ఎవరో కూడా నాకు తెలుసు.

నేను అడగలేదు. ఆయన మొహం చూసి నమ్మేస్తానేమోనని భయం. మర్నాడు ఆయన పనికి వెళ్లాక సంచి సర్దుకుని వచ్చేశాను. ఆ చొక్కా కూడా తెచ్చుకున్నాను, మనసు మెత్తబడినప్పుడల్లా చూసుకోవడానికి. ఇప్పటికీ పెట్టెలో ఉంది. ఆయన రెండు ఉత్తరాలు రాశారు, విప్పకుండా తిప్పి పంపాను.

నువ్వూ అడక్కు. శనివారం బస్సుకి వచ్చెయ్యి.

ప్యాంటు వెనక్కి పంపుతున్నాను. గుండీ కుట్టాను. సిరా వదిలించాను. తిరిగి దాని కొక్కేనికే తగిలించు, వాళ్ల కళ్లెదుటే ఉండనీ.

పిన్ని


ఏప్రిల్ 8

పిన్నీ,

నన్ను తిట్టకు. అడిగేశాను.

శనివారం పొద్దున సంచి సర్దుకుని గుమ్మం దాకా వచ్చాను. చెప్పులు వేసుకుంటుంటే ఒక చెప్పు కనబడలేదు. మీ అల్లుడు మంచం కింద దూరి తీసుకొచ్చి, దుమ్ము దులిపి నా కాలి దగ్గర పెట్టారు. "పిన్ని దగ్గరికేగా? నాలుగు రోజులు ఉండిరా, ఈ మధ్య మరీ నీరసంగా ఉంటున్నావు" అన్నారు. ఇంక ఆగలేకపోయాను. ప్యాంటు తెచ్చి ఆయన మీదికి విసిరి, "ఇది ఎవరు తొడుక్కుంటున్నారో చెప్పండి" అన్నాను. నువ్వు రాసినవన్నీ వరసగా అప్పజెప్పాను. మడత, నడుము, గ్రీజు, సిరా, రెండో కప్పు, పొట్టి మెకానిక్కు, అన్నీ.

ఆయన నోరు తెరుచుకుని నిలబడ్డారు. దొరికిపోయిన మొహం కాదు పిన్నీ అది. మడత గీత మీద వేలు పెట్టి చూసుకుని, "ఇదేమిటి, ఇది నేను మడవలేదే" అన్నారు.

అప్పుడు మా అత్తగారు వంటింట్లోంచి వచ్చారు. ఆయన చేతిలోంచి ప్యాంటు తీసుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. కాసేపటికి బయటికి వచ్చారు. ప్యాంటు తొడుక్కుని వచ్చారు! పాదాలు కూడా కనబడకుండా చీర కట్టుకునే మనిషి, నడుముకి బెల్టు బిగించి, కాళ్లు నాలుగు వేళ్ల మేర మడిచి, మా ఇద్దరి ముందూ తల వంచుకుని నిలబడ్డారు.

"సైకిలు నేర్చుకుంటున్నాను" అన్నారు.

పోస్టుమనిషి నేర్పుతోందట. పొద్దున ఉత్తరాల పనికి వెళ్లే ముందు వచ్చి, లైబ్రరీ వెనక మైదానంలో రోజూ ముప్పావుగంట. రెండో కప్పు ఆవిడది. గ్రీజు సైకిలు చెయినుది. మోకాళ్లు పడ్డప్పుడు గీసుకున్నవి, నొప్పుల మందు అందుకే. తన చీర రెండుసార్లు చెయిన్లో పడి చిరిగితే, కొక్కేనికి వేలాడే ప్యాంటు మీదికి చూపు వెళ్లిందట. మట్టి కనబడకూడదని రోజూ వేణ్నీళ్లూ బట్టల సోడా పెట్టి ఉతికేవారట. రంగు పోతుంటే భయమేసి సిరా పూశారట.

"నాకు చెప్పొచ్చు కదా అత్తయ్యా" అన్నాను. "నవ్వుతారనుకున్నానమ్మా. పదేళ్లప్పుడు ఒకసారి ఎక్కి పడ్డాను. ఇంక జన్మలో ఎక్కనివ్వలేదు ఎవరూ. మీరిద్దరూ పనికి వెళ్లిపోతే ఈ ఇంట్లో నేనూ ఆ కుర్చీ ఒకటే. ఎక్కడికి కదలాలన్నా ఎవరో ఒకరు పట్టుకెళ్లాలి" అన్నారు. అని ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. మీ అల్లుడు మాత్రం, "నడుము వదులైందంటే నేను చిక్కిపోయాననుకుని నెల రోజులుగా రెండేసి ముద్దలు ఎక్కువ తింటున్నాను" అన్నారు. ఆయన్ని నేనేమి అనుకున్నానో తలుచుకుంటే తల ఎత్తలేకపోతున్నాను. ఆయన ఒక్కమాట కూడా దెప్పలేదు. దెప్పితే బాగుండేది.

నీ సంగతి కూడా వాళ్లకి చెప్పేశాను, క్షమించు. మా అత్తగారు అంతా విని, "మరి ఆవిడ ఆయన్ని అడిగి ఉండాల్సింది కదమ్మా" అన్నారు. 

నీ పిచ్చుక


ఏప్రిల్ 25

పిన్నీ,

ఉత్తరం లేదు. కోపం వచ్చిందా? అత్తగారి మాట రాయకుండా ఉండాల్సింది. దుకాణానికి ఫోన్ చేస్తే ఇస్త్రీ మనిషి ఎత్తి, "అమ్మగారు పెట్టె ముందేసుకుని కూర్చున్నారు, పిలిస్తే కసురుతున్నారు" అన్నాడు. ఒక్క ముక్కైనా రాయి.

పిచ్చుక


మే 2

పిచ్చుకా,

కోపం లేదు. ఉన్నా నీ మీద కాదు.

ఈ పార్సిల్లో ఒక జీన్సు ప్యాంటు ఉంది, మీ అత్తగారికి. ఉతకడానికి ఇచ్చి ఎవరూ మళ్లీ తీసుకెళ్లని బట్టల్లోంచి మంచిది చూసి తీసి, కోసి కుట్టాను. కొలతలకి ఎవరినీ అడగక్కర్లేకపోయింది. కుడికాలికి ఒక క్లిప్పు కూడా పెట్టాను, చెయిన్ తగలకుండా. ఆవిడకి చెప్పు, సోడా దగ్గరికి రానివ్వొద్దని. తిరగెయ్యాలి, చన్నీళ్లు, నీడ. మట్టి అయితే ఎండనిచ్చి దులిపితే చాలు. మట్టి మరకకి సిగ్గుపడేది ఏముంది?

ఇప్పుడు నీకు చెప్పని రెండో సగం.

దుకాణం పెట్టిన మూడో ఏట ఒక డ్రాయింగు మాస్టారు తెల్ల చొక్కా తెచ్చాడు. కుడి భుజం నుంచి వీపు మీదుగా ఎడమ నడుము దాకా నీలం చార, నడుము దగ్గర అరచెయ్యంత మచ్చ. చూడగానే, ఓహో నీ సంగతీ ఇంతేనా అనుకున్నాను. ఆయన అమాయకంగా భుజాన వేలాడుతున్న సంచి తీసి కౌంటరు మీద పెట్టి, "కొత్త జీన్సు సంచి అమ్మా, నీలం వదులుతోంది, ఏం చేయమంటారు?" అన్నాడు. పట్టీ మూడు వేళ్ల వెడల్పు. ఆయన వెళ్లాక పెట్టె తెరిచి మీ బాబాయి చొక్కా తీసి చార కొలిచాను. మూడు వేళ్లు.

అప్పుడు గుర్తొచ్చింది. నేను వచ్చేసిన వారం మా తలుపు వెనక మేకుకి ఒక కొత్త నీలం సంచి ఉండేది. పనిముట్లు పెట్టుకోవడానికి ఆయన కొనుక్కున్నది. రోజూ కళ్లతో చూశాను. చొక్కానీ చూశాను. రెండింటినీ కలిపి చూడలేదు. అప్పటికి జీన్సు రాసుకుంటే రంగు అంటుతుందని కూడా నాకు తెలియదు. బట్టల సంగతి ఏమీ తెలియని రోజున బట్టని చూసి కాపురం వదిలేసుకున్నాను. తెలిసిన రోజున నోరు మూసుకున్నాను.

అప్పుడే వెళ్లి ఉండొచ్చు. మూడేళ్ల తప్పు ఒప్పుకోవడం కన్నా దాని మీదే ఇంకో ఇరవై ఆరేళ్లు కూర్చోవడం తేలికనిపించింది. పైగా లోకంలో మగవాళ్లంతా అంతేనని నాకు నేను నిరూపించుకుంటూ వచ్చాను. వచ్చిన ప్రతి చొక్కానీ అనుమానంగానే ఉతికాను. చివరికి నీ కాపురంలో కూడా వేలు పెట్టాను. నువ్వు నా మాట విని అడక్కుండా బస్సెక్కి ఉంటే, పైగదిలో కూర్చుని ఇద్దరం జీవితాంతం ఆ పొట్టి మెకానిక్కుని తిట్టుకుంటూ ఉండేవాళ్లం.  నన్ను క్షమించు తల్లీ.

సంచేనని నేను ఒట్టేసి చెప్పలేను. కొలత సరిపోయింది, అంతే. మీ అత్తగారి విషయంలో కూడా కొలతలన్నీ సరిగ్గానే చెప్పాను కదా!

ఆయన దుకాణం ఇంకా అదే వీధిలో ఉందట. ఆయన అక్కగారు ఏడాదికొక కార్డు రాస్తూ, నేను అడక్కపోయినా ఆ సంగతి మాత్రం ప్రతిసారీ రాస్తారు. ఈ పొద్దున కూర్చుని ఆయనకి ఉత్తరం రాశాను. నాలుగు కాగితాలు చింపాక ఒక్క వాక్యం మిగిలింది. "ఆ రోజు మీ భుజాన ఉన్నది సంచేనా?" కింద నా పేరు రాశాను.

మీ పార్సిల్ కట్టడానికి ముందే వెళ్లి దాన్ని వీధి చివర పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. వేసిన మరుక్షణం చెయ్యి లోపలికి పెట్టి చూశాను. అందలేదు.

నీ పిన్ని